కొత్త చీరను పాతది చేసిన పెద్దవ్వ

మా పెద్దవ్వ పోయిందని మొన్న సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. మా అమ్మకు అక్క ఆమె. జగిత్యాల నుంచి నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదు. ఆ బాధతోనే ఈ నాలుగు మాటలు.

పెద్దబాపుది మరమగ్గాల పని, పెద్దవ్వది బొంతల పని. పాత చీరలు నేలమీద పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, నడుమ నుంచి కుట్టుకుంటూ వచ్చేది. అంచు నుంచి మొదలుపెడితే నడుమ బట్ట ఉబ్బుతుందట. ముదురు రంగు ముక్క ఎప్పుడూ కాళ్ల వైపే వేసేది. "కాళ్ల దిక్కుది మొకానికి గుంజుకోవద్దు గద!" అనేది. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం, "సాల్తియ్యి, సూదిల దారమెక్కియ్యి" అని పని చెప్పేది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో, కాలేజీ బందై నేను ఆమె దగ్గరే ఉన్నాను. ఇంట్లో ఉన్న పాత నూలుచీరలన్నీ దీక్ష శిబిరంలో పడుకునేవాళ్లకు బొంతలు కుట్టి ఇచ్చేసింది. కోరుట్లలో ఆమె బిడ్డ, మా అక్కకేమో నెలలు నిండుతున్నాయి. బస్సులు లేవు, పురుటికి తెచ్చుకునే దారి లేదు. పసిగుడ్డును కొత్తబట్ట మీద పడుకోబెట్టకూడదని మాలో పట్టింపు. కనీసం తల్లిగారింటి పాత చీర బొంతైనా అందకపోతే ఎట్లా అని పెద్దవ్వకు ఒకటే దిగులు.

మిగిలినవి పాలిస్టరు చీరలు, తడి పీల్చవు. పెట్టె అడుగున మడత విప్పని నూలుచీర ఒక్కటుంది. దాన్ని పాతది చెయ్యడానికి పూనుకుంది. కట్టడం, ఉతకడం, బండకేసి బాదడం, ఆరీ ఆరకముందే మళ్లీ కట్టడం.

"చీరను ముసల్దాన్ని చేస్తున్నవా పెద్దవ్వా?" అన్నాను.

"దాన్ని జేసుకుంట నేనైతున్న బిడ్డా."

నవ్వుతూ అనలేదు. నాకూ నవ్వు రాలేదు.

చీర మెత్తబడింది. నాలుగు పొరలు మడిచి సగం కుట్టిందో లేదో, నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. బొంత చంకన పెట్టుకుని బయల్దేరాం. వేములవాడ దాకా నడక, అక్కడి నుంచి ట్రాక్టరు. దారిలో ఉద్యమం వాళ్ల వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి వండుతున్నారు, బండి ఆగిపోయింది. పెద్దవ్వ బండి దిగింది. రోడ్డు మీదే బొంత పరిచి సూది తీసింది. సంగతి తెలిసి, వంకాయలు కోస్తున్న ఆడవాళ్లు కత్తిపీటలు వదిలి వచ్చి తలా ఓ వరుస అందుకున్నారు.

"పొడుగు కుట్లెయ్యకుండ్రి, పసిగుడ్డుకు కాలివేలు ఇరుకుతది. ముడి లోపటికి దొయ్యుండ్రి" అని సాయం చేసేవాళ్లనే గదమాయించింది. వాళ్లు నవ్వుతూ మాట పడ్డారు. బండి కదిలాక మిగిలిన కుట్లు పెద్దవ్వే వేసింది.

కోరుట్ల చేరేసరికి పాప పుట్టేసింది. అత్తగారు తన పాత చీర పరిచినా అక్క పాపను కింద పెట్టలేదట. "మా అవ్వ అచ్చేదాక నా ఒళ్లెనే ఉంటది" అని కూర్చుందట. ముఖం పాలిపోయి ఉంది. పెద్దవ్వ బొంత పరిచి అరచేత్తో నిమిరింది. అప్పుడు దించింది అక్క పాపను.

పెద్దవ్వ పక్కనే ఉత్త నేల మీద ఒరిగింది. "జరసేపు" అంది, అంతే. తల్లీ బిడ్డా కూడా నిద్రపోయారు. అన్నం తెచ్చిన అత్తగారు పెద్దవ్వను లేపడానికి మనసు రాక వెనక్కి తీసుకుపోయింది. పెద్దవ్వ వేళ్ల మధ్య సూది ఇంకా అట్లాగే ఉంది. గుచ్చుకుంటుందని నేను ఒక్కో వేలూ విప్పి మెల్లగా తీశాను. అంత నిద్రలో ఆమె కదలనైనా లేదు.