బీరువాలో మైక్రోస్కోపు

శంషాబాద్‌కు కొత్త ఎయిర్‌పోర్టు వచ్చిన ఏడాదే మా బడికి గ్రాంటు కింద ఒక మైక్రోస్కోపు వచ్చింది. దాన్ని వాడటం నేర్చుకోవడానికి సైన్సు టీచరుగా నేను శిక్షణకు కూడా వెళ్లొచ్చాను. వచ్చి ఏం చేశాను? పిల్లలు పగలగొడతారని బీరువాలో పెట్టి తాళం వేశాను. కణం బొమ్మ మాత్రం బోర్డు మీద బ్రహ్మాండంగా గీశాను.

తర్వాతి ఏడాది హెడ్మాస్టరు గారు దాని సంగతి అడిగారు. "కొత్తదానిలాగే ఉంది సార్" అన్నాను గర్వంగా.

"గట్ల కొత్తగ ఉన్నదనే నా పరేషాన్. పిల్లలకియ్యుండ్రి మేడం. పగిలితే నా పేరు రాయుండ్రి" అన్నారాయన.

ఆ మాటకు ఇప్పటికీ మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను. ఆ మధ్యాహ్నమే ఉల్లిపొర పెట్టి ఒక్కొక్కరికీ చూపించాను. విమానం చప్పుడైతే చాలు కిటికీల దగ్గరికి ఎగబడే పిల్లలు, ఆరోజు నెత్తిమీదుగా ఎన్ని పోయినా తలెత్తలేదు.