చిల్లుల గొడుగు కింద

గొడుగుల మేస్త్రికి వానాకాలమంతా పనే. ఎండాకాలం వస్తే రాబోయే వానలకు పని. అందుకే పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయనా ఆయన భార్యా నాలుగు రోజులు ఊరు దాటి ఉన్నది లేదు. ఆమె కోరిక కూడా పెద్దదేం కాదు. సముద్రం ఒడ్డున ఒక్క పూట, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని తన పక్కన ఊరికే కూర్చోవాలి. అంతే.

"పట్టకారు తెచ్చారో, అట్నుంచి అటే వెనక్కి వచ్చేస్తాను," అని బయల్దేరేటప్పుడే చెప్పింది. సంచీ రెండుసార్లు వెతికింది. కళ్ళజోడు పెట్టె మాత్రం తెరిచి చూడలేదు.

ఆ తీరం గొప్ప ఊరూరా తెలుసు కాబట్టి ఊరూరివాళ్ళూ అక్కడే ఉన్నారు. ఇసక వేస్తే రాలనంత జనం. కాలికింది ఇసక కనపడాలన్నా ఎవరో ఒకరు లేవాలి. వాళ్ళ గది కిటికీ తెరిస్తే ఎదుటి హోటలు గోడ. స్నానాలగదిలో పీట ఎక్కితే మాత్రం, రెండు మేడల సందున సముద్రం తువ్వాలంత వెడల్పున, ఎవరో నీలంగా ఆరేసినట్టు కనపడేది. ఆమె పొద్దునా సాయంత్రం పీట ఎక్కి చూసి, "ఉంది, ఎక్కడికీ పోలేదు," అంటూ దిగేది.

మొదటిరోజు అద్దె గొడుగు కింద పక్కపక్కనే రెండు కుర్చీలు దొరికాయి. ఆమె చెప్పులు విడిచి కళ్ళు మూసుకుంది. అలల చప్పుడూ జనం చప్పుడూ కలిసి, సగం నిద్రలో పక్కగదిలోంచి వినపడే మాటల్లా ఉన్నాయి. కానీ అవతలి గొడుగుకి ఊచ ఒకటి విరిగి గాలికి టక్కుటక్కుమంటోంది. ఆయన వంద అంకెలు లెక్కపెట్టాడు. ఆపైన కళ్ళజోడు పెట్టె తెరిచి, అందులో దాచి తెచ్చిన పట్టకారు తీసి, ఆ ఊచ బిగించాడు.

గొడుగులు అద్దెకిచ్చే లావుపాటి మనిషి అది చూసి, వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మురిసిపోయి, ఇంకో రెండు తెచ్చాడు. మర్నాడు పదకొండు. బాగుచేసిన ప్రతి గొడుగూ తెరిచి, దాని కింద నిలబడి పైకి చూడటం మేస్త్రి పద్ధతి. వెలుతురు చుక్క ఒక్కటి కనపడినా పని కానట్టే, మాసిక పడాల్సిందే. ఆయన కుర్చీలో ఆమె చేతిసంచీ కూర్చుంది.

సాయంత్రం గదికి నడుస్తూ ఆమె అంది: "ఈ సముద్రానికీ ఏ ఊచో విరిగి ఉంటే బాగుండేది. దాని మొహం చూసేవారు."

రేపు తప్పకుండా అన్నాడాయన. రేపే ఆఖరి రోజు.

మర్నాడు ఒక్కటంటే ఒక్కటి బాగుచేసి వస్తానన్నాడు. ఒకటి కాస్తా అయిదైంది. మధ్యాహ్నం తలెత్తితే, వరుస చివర నీళ్ళ దగ్గర ఒక వెలిసిపోయిన గొడుగు కనపడింది. జల్లెడే నయం. గుడ్డలోంచి ఎండ కారుతోంది. రెండు రోజులుగా ఇది తన కంట ఎలా పడలేదు? పట్టకారూ మాసిక గుడ్డా తీసుకుని, జనం కాళ్ళూ తువ్వాళ్ళూ దాటుకుంటూ వెళ్ళాడు. కిందికి దూరి, అలవాటుగా పైకి చూశాడు. తర్వాత కిందికి చూశాడు. అక్కడ తన భార్య కూర్చుని ఉంది. పక్కన ఖాళీ కుర్చీ.

ఆమె తన చోటినుంచి ఎప్పుడు లేచిందో, ఇంత దూరం ఎప్పుడొచ్చిందో ఆయనకు తెలియనే తెలియదు. అద్దె గొడుగుల కొట్లో మూల పడేసిన ఈ గొడుగే కావాలని అడిగి మరీ వేయించుకుందట. అది పారేసేది అక్కా అని అద్దెమనిషి మొత్తుకున్నా వినలేదట.

"చిల్లులున్నదాని కిందైతే మీరే వస్తారని," అంది.

ఆయన మాసిక గుడ్డ పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ముయ్యకండి. కూర్చోండి."

కూర్చున్నాడు. పట్టకారు ఇసకలో గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి కాసేపు వాటంతటవే కదిలి, ఆపైన ఆడి అలిసిన పిల్లల్లా పడుకున్నాయి. చిల్లుల్లోంచి పడ్డ వెలుతురు చుక్కలు ఆమె మోచేతి మీద ఉన్నవి మెల్లగా జరిగి, ఆయన మణికట్టు మీదికి వచ్చాయి. చుట్టూ అంత జనమూ ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. చుక్కలు ఇసక మీదికి జారి, సాగి, మాయమయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

మరుసటి వానాకాలం చూడటానికి ఆమె లేదు.

ఇప్పటికీ తన కొట్టుకి చిల్లుల గొడుగు వస్తే మేస్త్రి వెంటనే చెయ్యి పెట్టడు. ఎండలోకి తీసుకెళ్ళి తెరుస్తాడు. దాని కింద రెండు పీటలు వేసి, ఒకదాని మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు. గొడుగు తెచ్చినవాళ్ళు తొందరపెడితే, "ఉండండి, ఎన్ని చిల్లులున్నాయో చూస్తున్నాను," అంటాడు.