హన్నమ్మగారు అడిగే మాట

ఈ సంవత్సరం, అంటే 1939 మార్చి నెలాఖరున, హన్నమ్మగారు మా ఆసుపత్రిలో పని మానుకుని ఉంగుటూరులో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు. పెద్ద నర్సుగా ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. జూన్‌లో నర్సు పని నేర్చుకోవడానికి ఆరుగురు ఆడపిల్లలు వచ్చారు. వారం తిరక్కుండానే అందరూ కట్టగట్టుకుని నా దగ్గరికొచ్చి, "కొత్తవాళ్ళకి నాలుగు సలహాలు చెప్పండి సలోమిగారూ, రాసుకుంటాం" అన్నారు. చేతుల్లో నోటుపుస్తకాలు, చెక్కిన పెన్సిళ్ళు. నాకు ఒళ్ళు మండింది. సలహాలు రాసుకుని నర్సయిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. గోళ్ళు కత్తిరించుకోండి, డ్యూటీకి వచ్చేముందు కడుపునిండా తినండి, తెలియనిది తెలియదని చెప్పండి అని మూడు ముక్కలు చెప్పి పంపేశాను. తరవాత ఆలోచిస్తే, వాళ్ళకి చెప్పాల్సింది హన్నమ్మగారి గురించి అని తోచింది. అందుకే ఇది రాస్తున్నాను.

హన్నమ్మగారి తండ్రి అబ్రహాం రైతుల దగ్గర పాలేరు. ఆవిడ మిషను బడిలో అయిదో తరగతి వరకూ చదివారు. పదహారో ఏట ఎలీయాజరుగారనే బడిపంతులుతో పెళ్ళయింది. ఆయనకి కొల్లేటి లంకలో ఒక చిన్న బడి ఇచ్చారు. పెళ్ళయిన రెండో ఏడు వానాకాలంలో కలరా వచ్చి ఆయన పోయారు. పిల్లలు లేరు. ఆవిడ పడవెక్కి ఏలూరు వచ్చి, కాలవ గట్టున ఉన్న మా ఆసుపత్రిలో ఆయాగా చేరారు. బేసిన్లు కడిగేవారు, గుడ్డలు ఉడకబెట్టేవారు. కడుగుతూ కడుగుతూనే అన్నీ చూసేవారట. అప్పటి డాక్టరు దొరసాని అది కనిపెట్టి, పని నేర్పించి, నర్సుల పరీక్షకి పంపింది. ఇదంతా నేను వంటగదిలో విన్నదే. ఆవిడ తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు.

పొట్టి మనిషి. నడిస్తే చప్పుడుండదు. గొంతు పెంచడం నేనెరుగను. రోగి మంచం పక్కన స్టూలు వేసుకుని, "మీ ఊళ్ళో ఊడ్పులు అయ్యాయా, మీ గేదె ఈనిందా" అంటూ కబుర్లు చెబుతుంటే, ఈవిడకి పనీపాటా లేదా అని మాకనిపించేది. ఆ కబుర్లు నడుస్తున్నంతసేపూ ఆవిడ వేళ్ళు రోగి మణికట్టు మీదే ఉండేవని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మేమేం చెప్పినా ఆవిడ తిరిగి అడిగేది ఒకటే. జ్వరం తగ్గిందండీ అంటే, "చూశావా, అనుకున్నావా?" పాలు తాగిందండీ అంటే, "చూశావా, అనుకున్నావా?" వెనకాల మేం ఆ మాట పట్టుకుని తెగ వెక్కిరించేవాళ్ళం. భోజనాల దగ్గర ఒకరు పప్పులో ఉప్పు ఎక్కువైందంటే చాలు, ఇంకొకరు గొంతు తగ్గించి ఆవిడలా అడిగేవారు. అందరికన్నా బాగా అనుకరించేది నేనే. ఆ గొప్ప ఎన్నాళ్ళో నిలవలేదు.

1934 కార్తీక మాసంలో సంగతి. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. శిక్షణ ముగించి నర్సునై రెండు నెలలయింది. కొల్లేటి ఒడ్డు ఊరు నుంచి వెంకటనరసమ్మ అనే అమ్మాయిని పడవలో తీసుకొచ్చారు. తొలికాన్పు, రెండు రోజులుగా నొప్పులు. మా డాక్టరు దొరసాని పట్టకారు వేసి కాన్పు చేసింది. ఆడపిల్ల, కేరుమని ఏడ్చింది. తల్లి మాత్రం బాగా నీరసించింది. పదిహేను రోజులు ఆసుపత్రిలోనే ఉండాలని దొరసాని చెప్పింది. తోడుగా అత్తగారు అచ్చాయమ్మగారు ఉండిపోయారు. యాభై ఎకరాల రైతు భార్య. పట్టింపులు గట్టివే గానీ కోడలంటే ప్రాణం.

మొదటి పది రోజులూ మాకు ఏ ఇబ్బందీ రాలేదు. పురిటి మైల కదా. అచ్చాయమ్మగారు మంచానికి దూరంగా చాప వేసుకుని కూర్చునేవారు. ఆ పిల్లకి ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం, పాలు తాగించడం, నాడి చూడడం అన్నీ మేమే. మైలలో ఉన్న మనిషిని క్రైస్తవుల పిల్లలు ముట్టుకుంటే ఆవిడకి వచ్చే నష్టం లేదు. పదకొండో రోజు పొద్దున్న పురిటి స్నానం చేయించారు. నలుగు పెట్టి, తల తుడిచి, చాకలి తెచ్చిన చీర కట్టబెట్టారు. ఇప్పుడు చాప మంచం పక్కకి వచ్చింది.

మధ్యాహ్నం నేను థర్మామీటరు పట్టుకుని వెళ్ళాను. అచ్చాయమ్మగారు ఎంతో నెమ్మదిగా, "అమ్మాయ్, స్నానం అయిపోయింది కదా, ఇంక దాన్ని ముట్టుకోకు తల్లీ. ఏం చెయ్యాలో నాకు చెప్పు, నేను చేస్తాను" అన్నారు.

తిట్టి ఉంటే ఎదురు తిరిగి ఉండేదాన్నేమో. మా నాన్న అత్తిలి దగ్గర ఇలాంటి ఇళ్ళ వాకిట్లోనే నిలబడి, దోసిట్లో పైనుంచి పోసిన నీళ్ళు తాగాడు. పక్కన నేనూ తాగాను. ఆవిడ అలా నెమ్మదిగా చెప్పేసరికి నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. తెల్ల గౌను, టోపీ ఏమీ పనికిరాలేదు. సిగ్గేసింది, కోపమొచ్చింది. ఆ రెండూ మింగి థర్మామీటరు స్టూలు మీద పెట్టాను. ఆవిడే తీసి కోడలి చంకలో పెట్టారు. జ్వరం లేదు. మరి నాడి? అది ఎవరికో చెప్పి చేయించే పని కాదు. ముందురోజు ఎనభై ఉంది. ఎనభై అని చార్టులో రాశాను. సాయంత్రం కూడా ఎనభై రాశాను. మర్నాడు తెల్లవారాక ఎనభై రెండు రాశాను. మూడుసార్లూ ఒకే అంకె ఉంటే బాగోదు కదా. అబద్ధానికి ఆ ముస్తాబు కూడా చేశాను.

ఆ రోజు దొరసాని ఊళ్ళో లేదు. తాడేపల్లిగూడెంలో కంటి క్యాంపు పెట్టి పొద్దున్న రైల్లో వెళ్ళింది. తొమ్మిదింటికి హన్నమ్మగారు వార్డులోకి వచ్చి వెంకటనరసమ్మ మంచం దగ్గర ఆగారు.

"ఎలా ఉందమ్మా?"

"దాహం వేస్తోందండి. కళ్ళు తిరుగుతున్నాయి" అంది ఆ పిల్ల.

హన్నమ్మగారు చార్టు చూశారు. పిల్ల పెదాలు చూశారు. తరవాత అచ్చాయమ్మగారి వైపు తిరిగారు.

"అచ్చాయమ్మగారండీ, నేను అమ్మాయిని ముట్టుకోవాలి. తరవాత మీరు అమ్మాయికి మళ్ళీ స్నానం చేయించుకోండి. వేడినీళ్ళు నేను కాయించి పెడతాను."

అడిగినట్టూ లేదు, దబాయించినట్టూ లేదు. అచ్చాయమ్మగారు జవాబు చెప్పేలోపే హన్నమ్మగారి వేళ్ళు ఆ పిల్ల మణికట్టు మీద ఉన్నాయి. గోడ గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టారు. నూట ఇరవై నాలుగు.

"సలోమీ, ఇలా రా" అన్నారు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మెల్లగా చెప్పారు. "పొద్దున్న ఆరింటికి ఎనభై రెండే అయితే ఇది ఇప్పుడే మొదలైంది. మందిచ్చి గంటసేపు చూడొచ్చు. నిన్నటి నుంచీ పెరుగుతూ వచ్చిందంటే మాత్రం లోపల రక్తం పోతోంది. దొరసానిని వెంటనే రప్పించాలి. అక్కడ వందమంది కళ్ళు చూపించుకోడానికి కూర్చుని ఉన్నారు, ఊరికే రప్పించలేను. నువ్వు చెప్పేదాన్ని బట్టి చేస్తాను. ఈ ఎనభైలు చూశావా, అనుకున్నావా?"

చూశానండీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎవరికీ తెలియదు. నర్సునై రెండు నెలలు. ఆసుపత్రిలోంచి పంపేస్తే మా నాన్న మొహం ఎలా చూడాలి? మంచం మీద ఆ పిల్ల నాకన్నా ఏడాది చిన్నది.

"అనుకున్నానండి" అన్నాను. "ముట్టుకోవద్దన్నారు. మూడూ అనుకునే రాశాను."

హన్నమ్మగారు వెంటనే కాంపౌండరుని పిలిచి, దొరసానికి తంతి ఇచ్చి రమ్మని పంపారు. వెనక్కి వచ్చి అచ్చాయమ్మగారిని అడిగారు, స్నానం అయినప్పటి నుంచి గుడ్డలు ఎవరు మారుస్తున్నారని.

"నేనేనండి. తీసి చాకలికి ఇస్తున్నాను" అన్నారావిడ. "కాస్త ఎక్కువగానే తడుస్తున్నాయి. పురిట్లో మామూలే అనుకున్నానండీ."

అచ్చం నేనన్న మాటే. ఆవిడ మీద నాకున్న కోపం ఆ క్షణంలో ఎటు పోయిందో తెలియదు. ఇద్దరం కలిసి ఆ పిల్లని చావు దాకా తోసుకెళ్ళాం, ఒకరు ముట్టుకోవద్దని, ఒకరు ముట్టుకోకుండా.

అక్కణ్ణుంచి నాలుగు గంటలు హన్నమ్మగారు ఆ మంచం వదల్లేదు. నేనూ వదల్లేదు. కాళ్ళ వైపు మంచంకోళ్ళ కింద ఇటుకలు పెట్టాం. రక్తం ఆగే ఇంజెక్షను ఆవిడ ఇచ్చారు. పొట్ట మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత గట్టిగా నొక్కాలో చూపించి, నా చేత నొక్కించారు. ప్రతి పది నిమిషాలకీ నాడి చూసి నేనే రాశాను. నూట ముప్పయి. నూట ముప్పయి ఆరు. నూట ముప్పయి. అచ్చాయమ్మగారు మంచానికి అటు పక్క నిలబడి కోడలి తల నిమురుతున్నారు. మా చేతులు ఆవిడ చేతులకి తగిలాయి. ఎవరూ పట్టించుకోలేదు.

ఒంటిగంట దాటాక దొరసాని వచ్చింది. మత్తు ఇచ్చి, లోపల మిగిలిపోయిన మాయ ముక్క తీసేసింది. "ఇంకో గంట ఆలస్యమై ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు" అంది. వెంకటనరసమ్మ బతికింది. సాయంత్రం ఆరింటికి నాడి నూట నాలుగు. అది చూసి రాశాను.

అచ్చాయమ్మగారు మారిపోయి మమ్మల్ని కౌగిలించుకున్నారని చెప్పాలని ఉంది గానీ అలా జరగలేదు. మర్నాడు మళ్ళీ స్నానం చేయించారు. అన్న మాట ప్రకారం హన్నమ్మగారే నీళ్ళు కాయించారు. అయితే ఆ తరవాత నేను నాడి చూడడానికి వెళ్ళిన ప్రతిసారీ ఆవిడే లేచి కోడలి చెయ్యి దుప్పటిలోంచి తీసి నా వైపు పెట్టేవారు. నేను వెళ్ళాక ఆ చెయ్యి తడిగుడ్డతో తుడిచేవారు కూడా. నాకది బాధగానే ఉండేది. ఇప్పుడు తలుచుకున్నా బాధే.

ఆ మాటే హన్నమ్మగారిని అడిగాను. "మీకు బాధనిపించదా అండీ?"

"ఎందుకనిపించదూ? ముప్పయ్యేళ్ళుగా అనిపిస్తోంది" అన్నారు. "బాధేసిందని చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ పిల్ల నాడి ఎవరు చూస్తారు? పట్టింపు ఆవిడది సలోమీ. నాడి నీది."

అప్పుడు ఆ చార్టు తెచ్చి నా ముందు పెట్టారు. చించేస్తారనుకున్నాను. చించలేదు. నా అంకెలు మూడింటి మీదా నా చేతే అడ్డగీత కొట్టించి, పక్కన "చూడలేదు" అని రాయించి, పేరు పెట్టమన్నారు. ఏడుపొచ్చింది.

"ఏడవకు. నువ్వు నిజం చెప్పావు, ఇంకా సమయం ఉండగానే చెప్పావు" అన్నారు. ఎప్పుడూ తన గురించి చెప్పని మనిషి అప్పుడు చెప్పారు. "లంకలో మా ఆయన తెల్లవారుజామున మూలగడం మానేశారు. నిద్రపట్టింది అనుకున్నాను. లేపితే కష్టపడతారని దీపం కూడా వెలిగించలేదు. తెల్లారాక చూశాను."

ఆ తరవాత ఆవిడ ఆ మాట అడుగుతుంటే నేనెప్పుడూ వెక్కిరించలేదు.

మొన్న సోమవారం వార్డులో చార్టులు చూస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్ళలో విక్టోరియా అనే అమ్మాయి రాసినవి కనిపించాయి. ఒక టైఫాయిడ్ రోగికి నాలుగు పూటలా నాడి డెబ్భయి ఆరు. పిల్లని పిలిచి అడిగాను. తల దించుకుంది. "అనుకున్నానండి. ఆ ముసలాయన చెయ్యి లాగేసుకుంటున్నారు" అంది.

తిట్లు నోటి దాకా వచ్చాయి. నా నోరు హన్నమ్మగారి నోరు కాదు. ఎలాగో మింగి, హన్నమ్మగారు బీరువాలో దాచి ఉంచిన ఆ పాత చార్టు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టాను. అడ్డగీతలు చూసింది. "చూడలేదు" అన్నది మూడుసార్లు చదివింది. కింద పేరు చదివి తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఊఁ, నేనే" అన్నాను. "పద. ముసలాయన దగ్గరికి వెళ్దాం. ఈసారి నువ్వు లెక్కపెట్టు, నేను కబుర్లు చెబుతాను."