పెదాల మీద రాసిన కారం

మా చిన్నప్పుడు... మిరప కల్లంలో అడుగుపెడితే ముందు తుమ్ములు, ఆ తర్వాతే మాటలు. ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకుని, ఎండబోసిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతుండేవాళ్లు. వాళ్ల మధ్య పరికిణీ దోపుకుని నేనూ...

మా అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా బడిలో ఇద్దరిదీ ఒకే తరగతి. వాడు అక్కడే ఆగిపోతే నేను వెళ్లి కలిశాను.

ఒకరోజు కల్లంలో అందరూ వింటుండగా మా నాన్న వాడిని ఎక్కం అడిగాడు.

"ఏడు ఎనిమిదులెంతరా?"

అన్న బుర్ర గోక్కున్నాడు. ఆకాశం వంక చూశాడు. కాలితో కాయలు కెలికాడు... నా నోరు ఊరుకోలేదు. "యాభై ఆరు!" అన్నాను.

పక్క కల్లంలో ఉన్న బాబాయి ఒకటే నవ్వు. "ఏంది అన్నయ్యా, బుర్రంతా పిల్లకిచ్చి పిల్లోడికి ఒట్టి కాళ్లూ చేతులేనా ఇచ్చింది?"

నాన్న మొహం మాడిపోయింది. మా నాయనమ్మ చాటలో కాయలు వదిలేసి లేచి వచ్చింది. పొద్దుటి నుంచీ మిరపకాయలు ఏరిన చేత్తోనే నా మూతి మీద అడ్డంగా రుద్దింది.

"అన్న నోరు తెరవకముందే నీకు నోరు లేస్తుందటే? నలుగుర్లో మగపిల్లోడి తల వంచుతావటే?"

పొద్దుగూకే దాకా పెదాలు మండుతూనే ఉన్నాయి... అమ్మ ఎవరూ చూడకుండా దొడ్లోకి తీసుకెళ్లి వెన్న రాసింది. వెన్న రాసిందే గానీ, ఇది తప్పని అత్తగారితో ఒక్క మాట అనలేదు. అమ్మ మూతికి ఎవరు కారం రుద్దారో, ఎప్పుడు రుద్దారో... నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ కల్లం ఎత్తకముందే బడిలో మళ్లీ అదే జరిగింది. మాస్టారు అన్నని నిలబెట్టి "తొమ్మిది ఆరులు?" అన్నారు. వాడికి రాలేదు. బెత్తం నావైపు తిప్పి, "నువ్వు చెప్పు" అన్నారు.

యాభై నాలుగు... గొంతు దాకా వచ్చింది. పెదాలు భగ్గుమన్నాయి. కారం లేదు, ఏమీ లేదు, ఉత్తి పెదాలు... అయినా మండాయి. అన్న కాళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. మాస్టారు మళ్లీ అడిగారు, కొట్టారు, ఇంకోసారి అడిగారు. నేను నోరు విప్పలేదు.

దారిలో అన్న వెనకే నడవాలి, అన్న తిన్నాకే తినాలి, అన్న మాట్లాడాకే మాట్లాడాలి... ఇలా పెంచిన పిల్ల బడిలో ఎందుకు చెప్పదో ఆయనకు తోచలేదు. ఆయన ఇంట్లో ఆడపిల్లల్నీ అలాగే పెంచుతున్నారు కాబోలు, అయినా తోచలేదు.

ఆ సాయంత్రం ఆయన కల్లం దగ్గరికే వచ్చారు. "అబ్బాయిది బద్ధకమండీ, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు. అమ్మాయికే అసలు బుర్ర లేదు. ఊరికే కూర్చోబెట్టడం దేనికి?"

నాన్న నావైపు చూశాడు. నా యాభై ఆరు తన చెవులారా విన్నాడు. "లేదు మాస్టారూ, దీనికి వచ్చు" అని ఒక్క ముక్క అంటే చాలు... ఆ ఒక్క ముక్క కోసం నేను తలెత్తి చూశాను.

"సరేనండీ" అన్నాడు నాన్న.

అంతే నా చదువు. నా పలక మజ్జిగ కుండ మీద మూత అయింది. అన్న మీద నాకు కోపం లేదు, వాడికైనా ఆ బడి బెత్తం దెబ్బలు తప్ప ఏం పెట్టింది? నా కోపమంతా ఆ "సరే" మీద...

ఇప్పుడెందుకు ఇదంతా తవ్వుతోందీ ముసల్ది అంటారా? మొన్న మా మనవరాలు హారిక స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. మా అబ్బాయి వెళ్తుంటే నేనూ బయలుదేరాను.

"క్లాసులో నోరు విప్పదండీ. బాగా డల్. కింది సెక్షన్‌కి మారుస్తున్నాం" అంది మేడం. పిల్ల చెప్పుల వంక చూస్తూ నిలబడింది.

మా వాడు అచ్చం మా నాన్నలాగే... "సరే మేడం."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏరా, అన్నం దగ్గర అది ఏదన్నా అడిగితే, పెద్దోళ్ల మధ్యలో నీకెందుకే అని గుడ్లురిమేది నువ్వు కాదంట్రా? ఇంట్లో నోరు నొక్కేసి బడికి పోయి గలగలా మాట్లాడమంటే, దానికేమన్నా రెండు నోళ్లున్నాయా?"

"అమ్మా, ఇక్కడ కాదు..."

"ఇక్కడే! నువ్వు కాసేపు బయటికి పో. అమ్మా మేడంగారూ, వీడు పోయాక దాన్ని ఏదన్నా అడగండి."

వాడు గొణుక్కుంటూ వెళ్లాడు. మేడం ఇంగ్లీషులో ఏదో అడిగింది. పిల్ల ముందు తలుపు వంక చూసింది... అది మూసే ఉందని చూసుకుని, అప్పుడు చెప్పింది. నాకు ముక్క అర్థం కాలేదు గానీ అది ఎక్కడా ఆగలేదు. మేడం ఇంకోటి అడిగింది. అదీ చెప్పింది.

"దానికి వచ్చు మామ్మగారూ, కాదనను. కానీ క్లాసులో చెప్పాలి కదా? ఒక్కొక్కళ్లకీ తలుపులేసి అడగడం మా వల్ల కాదు" అంది మేడం.

సెక్షన్ మార్చేశారు.

ఇన్నేళ్లలో ఏం మారిందయ్యా అంటే... కల్లంలో మట్టి నేల పోయి ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. పలక పోయి ఫోను వచ్చింది. ఆడపిల్ల మూతికి కారం రుద్దడం మానేశారు... ఇప్పుడు కళ్లెర్రజేస్తే సరిపోతోంది.

బళ్లో నేర్చిన నాలుగు అక్షరాలూ ఎప్పుడో మర్చిపోయాను. నేను చెబుతుంటే హారికే ఇది ఫోన్లో టైపు కొడుతోంది. "నానమ్మా, నాన్న సంగతి కూడా పెట్టనా?" అని అడిగింది. పెట్టమన్నాను.

మీ మూతికి ఎవరు కారం రాశారో, ఏ మాట గొంతులోనే ఉండిపోయిందో... మీరూ ఈ పోస్టు కింద రాయండి. ఒక్కటీ వదలకుండా హారిక నాకు చదివి వినిపిస్తుంది. గట్టిగా. వాళ్ల నాన్న హాల్లో కూర్చున్నప్పుడే చదవమంటాను.