మొగి పురుగు ఇంటిపేరు

బాన్సువాడ కాలేజీలో జువాలజీ చెప్పేది ఇద్దరమే, నేనూ, నా తర్వాత ఉద్యోగంలో చేరిన ఆమె. ఇక్కడి పొలాల్లో తిరిగే రెక్కల పురుగుల్ని పట్టి, ఏది ఏ కుటుంబానిదో తేల్చి పేపర్ రాయాలన్నది నా ఆలోచన. ఆమె నడుమ వచ్చి కలిసింది. ఆ పేపర్ మీద ముందు ఎవరి పేరుంటుందన్నదే నా ఫికరంతా. నాదే ఉండాలి, ఇంకెవరిది?

ఆమెకు హైదరాబాద్‌లో తనతో చదువుకున్నవాళ్లున్నారు. పురుగు కాలొకటి తెంపి పంపితే డీఎన్ఏ చూసి చెప్తారు. నేను మైక్రోస్కోప్ మీద మెడ పట్టేసేదాకా వంగితే తేలే సంగతి ఆమెకు ఫోన్‌లో వచ్చేస్తుంది. ప్రిన్సిపాల్ సార్ కూడా "డీఎన్ఏ ఏమంటుంది మేడం?" అని ఆమెనే అడిగేవారు. నాకు ఒళ్లు మండేది. ఎవరైనా ఆమె చీర బాగుందన్నా మండేది.

బీర్కూర్ దగ్గర చెరుకులో మొవ్వులు ఎండిపోతున్నాయంటే ఇద్దరం వెళ్లాం. రైతు ఎండిన పిలకలు పీకి, దొరికిన పురుగులన్నీ ఒకే డబ్బాలో వేసిచ్చాడు. చెరుకు ముక్కలు పెట్టి పెంచితే గడ్డి రంగు రెక్కలతో బయటికొచ్చాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి.

రెక్కలు రాని పురుగునొకదాన్ని నేను ముందే చూసిపెట్టాను. తోక వైపు ఒక వెంట్రుక మొదట్లో నల్లటి ఉంగరం ఉంది. రెక్కలొచ్చిన పురుగుకు పొట్ట మొదట్లో చెవి ఉంటుంది. నేను కోసి చూసినదానికి ఆ చెవి గూడు మూసుకుని ఉంది. రెండు ఆధారాలూ ఒకటే మాట చెప్పాయి, పైరాలిడే కుటుంబం. ఆ డబ్బాలోదే ఇంకో పురుగు కాలు తెంపి ఆమె పంపితే, డీఎన్ఏ మాత్రం దానికి దగ్గరి చుట్టమైన క్రాంబిడే అంది. నా లెక్క తప్పని ఆమె అనలేదు. "మళ్ల చూద్దాం అక్కా" అని మెత్తగా అంది. ఆ మెత్తదనానికే ఇంకా మండింది.

మర్నాడు ఒక్కదాన్నే బీర్కూర్ బస్సెక్కాను. పురుగులు ఎక్కడెక్కడ తీశావన్నా అని రైతునడిగాను.

"కొన్ని మొవ్వులకెల్లి తీసిన, కొన్ని కింద వేర్లకెల్లి. గవన్ని ఒక్కటే మేడం, మొగి పురుగే. మొవ్వు ఎండిందంటే మొగి పురుగే గదా!"

మేమిద్దరం ఆ మాట వింటూ పెరిగినవాళ్లమే. వరైనా చెరుకైనా మొవ్వు ఎండితే మొగి పురుగు. అందుకే డబ్బా మీద ఆ పేరే రాసి, పేరొకటి కాబట్టి పురుగూ ఒకటే అనుకున్నాం. తిరిగొచ్చి, ఆమె కాలు తెంపిన పురుగుని వెతికి పొట్ట కోసి చూశాను. చెవి గూడు తెరుచుకుని ఉంది. అది క్రాంబిడే. డీఎన్ఏ అబద్ధం చెప్పలేదు, కాలే వేరే పురుగుది.

ఎగిరి గంతేయాలనిపించింది. స్టాఫ్ రూంలో అందరూ ఉన్నప్పుడే అన్నాను, "నువ్వు కాలు తెంపింది వేరేదానిది. నేను చెప్పిన పురుగు నేను చెప్పిందే." ఆమె మొహం మాడిపోతే చూడాలని నా ఆశ.

ఆమె పరుగున ల్యాబ్‌కు పోయి చూసొచ్చింది. "రెండున్నయా అక్కా! ఒక్క డీఎన్ఏనే నమ్ముకుంటే ఆగమైతుంటిమి. నువ్వు చూసిన చెవి, వెంట్రుక, నేను పంపిన కాలు, అన్ని కలిస్తెనే గదా తెలిసింది!" అని నా చేతులు పట్టుకుని ఊపింది. నా గెలుపు నాకంటే ఆమెకే ఎక్కువ పనికొచ్చినట్టుంది.

అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, తను టైపు చేస్తూ వస్తున్న పేపర్ సరిదిద్దబోయింది. నా కళ్లు పేర్ల మీదికే పోయాయి. ముందు నాదే ఉంది.

"ఎప్పుడు మార్చినవ్?"

"మార్చుడేంది అక్కా? మొదట్నుంచి గట్లనే ఉంది."

ఇన్నాళ్లూ కోరుకున్నది దొరికింది, సంతోషం మాత్రం ఇసుమంతైనా కలగలేదు. అంత తేలిగ్గా ఇచ్చేయడం ఆమెకెట్లా వస్తుందని కొత్తగా కుళ్లు మొదలైంది. నేనైతే ఆమె పేరు ముందు పెట్టేదాన్ని కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే నాది పెట్టింది.