సెలవు అడగడం నేర్పిన సార్

కోరుట్లలో మాకు రష్యన్ నేర్పిన సార్ మొన్న పొద్దున గుండెపోటుతో పోయారు. కబురు అందేసరికి నేను ఇక్కడ రష్యాలో, కడుతున్న బిల్డింగు ముందు మంచు ఎత్తుతున్నాను. పార చేతిలోనే ఉంది గానీ ఏడుపు ఆగలేదు.

ఆయన దగ్గర చేరినప్పుడు మేం పన్నెండు మందిమి. జగిత్యాల వాళ్లు, సిరిసిల్లలో మరమగ్గాల పని వదిలేసినవాళ్లు, ఇబ్రహీంపట్నం నుంచి నేను. కొందరం గల్ఫ్ చూసి వచ్చాం. తెలుగు, హిందీ వస్తే చాలదా అని పుస్తకం తెరవకుండా గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. సార్ కసురుకునేవారు కాదు.

"దుబాయ్‌ల హిందీ ఏ బడిల నేర్చుకున్నవ్‌రా? ఆకలైతె గదే అచ్చింది. గిది గూడ అస్తది. కని ఆకలయ్యేదాక ఆగకు," అనేవారు.

ఆ మాట వెనక ఆయన గోస ఉంది. వయసులో ఉండగా ఆయనా రష్యాలో కూలిపని చేశారు. తండ్రి పోయాడని కబురు వస్తే సూపర్‌వైజర్‌కు చెప్పడానికి మాటలు రాలేదు. చేతులు జోడించి నిలబడ్డారు. దండం పెడుతున్నాడనుకుని అతను నవ్వి, పనిలోకి పంపాడట. ఊళ్లో తలకొరివి తమ్ముడు పెట్టాడు.

అందుకే సార్ మాకు మొదట నేర్పబోయిన వాక్యం, "మా నాన్న చనిపోయాడు, సెలవు కావాలి." ఆ మాట అనడానికి ఒక్కరమూ ఒప్పుకోలేదు.

"నేనైతె అన సార్. మా బాపు మంచిగున్నడు," అని నేనే లేచాను.

"సరే, నన్ను సంపుండ్రి. మా సార్ పోయిండు అనుండ్రి. నాకేం గాదు," అని సార్ బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు. "తప్పు లేకుంట అంటెనే లేస్త."

ఇక రోజూ అదే. మేం తడబడుతుంటే కళ్లు మూసుకునే దిద్దేవారు. ఎవరైనా సరిగ్గా అంటే లేచి కూర్చుని, "బతికిచ్చినవ్‌రా," అని చాయ్ తెప్పించేవారు. మా కోసం రోజూ చచ్చిపోవడానికి ఒప్పుకున్న మనిషి ఆయనొక్కరే. నా నోట మాత్రం ఆ వాక్యం ఎన్నడూ సరిగ్గా పలకలేదు. బయల్దేరిన రోజు కూడా తప్పే చెప్పాను.

"పోనీ తియ్. అక్కరకు రాకుంటెనే మంచిది," అన్నారు.

మొన్న పార పక్కన పెట్టి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. చేతులు జోడించలేదు. మా సార్ చనిపోయారు, సెలవు కావాలి అన్నాను. అతను టోపీ తీసి, వెళ్లమన్నాడు.

గదికొచ్చి వీడియో కాల్ చేశాను. సార్ ఇంటి దగ్గరున్న సిరిసిల్ల దోస్తు ఫోన్‌ను సార్ మొహం దగ్గర పెట్టాడు. ఆ వాక్యం మళ్లీ అన్నాను, గట్టిగా, ఒక్క తప్పు లేకుండా.

సార్ లేవలేదు.