పిండపాతికుల బండ

సైదాబాద్‌లోని చిన్న లైబ్రరీలో, శాసనాల గురించిన అట్ట ఊడిన పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఆ మాట దొరికింది. పిండపాతికులు. ఇంటింటికీ వెళ్లి గిన్నెలో పడిన అన్నంతోనే బతికిన బౌద్ధ భిక్షువులను పూర్వం అలా పిలిచేవారట. నోరు తెరిచి అడగకూడదట. గుమ్మం ముందు ఊరికే నిలబడాలి, పెడితే తీసుకోవాలి, పెట్టకపోతే తర్వాతి గుమ్మానికి వెళ్లాలి. అలాంటి వాళ్ల విహారం గురించి ప్రాకృతంలో చెక్కిన శాసనం చైతన్యపురిలో, మూసీ ఒడ్డున బండ మీద ఇప్పటికీ ఉందని ఆ పేజీ చివర రాసి ఉంది.

చైతన్యపురి మా కాలేజీ బస్సు రోజూ ఆగే స్టాపు. నాకు తెలిసిన చైతన్యపురిలో టిఫిన్ బండ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, జెరాక్స్ షాపులు ఉన్నాయి. పదిహేను వందల ఏళ్ల నాటి రాత మాత్రం లేదు. ఆ పేరా మొత్తం డైరీలోకి ఎక్కించుకున్నాను. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ స్టాపు దాటేదాకా మూసీ వైపే చూశాను.

నాకు పది రోజులే ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు, వారానికో బంద్. నాన్న గుంటూరుకు బదిలీ పెట్టుకున్నారు, అది వచ్చేసింది. నెలాఖరుకి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు ఖాళీ చేయాలి. వెళ్లేలోపు ఆ బండను చూడాలి. కానీ అది సరిగ్గా ఎక్కడుందో పుస్తకంలో లేదు, ఎవరినైనా అడగాలి. అడగడమే నాకు చేతకానిది. ఆటో ఆపాలన్నా డ్రైవరుతో చెప్పకుండా కమ్మీ మీద వేలితో తట్టేదాన్ని. బిడియం ముందు నుంచీ ఉన్నదే. ఆ ఏడాది దానికి మా గుంటూరు వైపు యాస బయటపడుతుందన్న భయం తోడైంది. నన్నెవరూ ఏమీ అనలేదు. అయినా బయట నోరు పెగిలేది కాదు.

కింది వాటాలో ఓనరమ్మ ఉండేది. పోచంపల్లి దగ్గరి నేతవాళ్ల ఇంటి మనిషి, కొడుక్కి చీరల షాపు. ప్రతి శనివారం మూసీ ఒడ్డు గుట్ట మీది నరసింహస్వామి గుడికి నడిచి వెళ్లేది. ఆమెకైతే తెలిసి ఉంటుందని మెట్లు దిగాను.

“అమ్మమ్మగారూ, మూసీ ఒడ్డున పిండం వాళ్ల చోటు ఒకటి ఉందంట. మీకు తెలుసాండీ?”

ఆమె బియ్యం చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

“ఎవరు పోయిన్రు బిడ్డా?”

“ఎవరూ పోలేదండీ.”

“మరి పిండమెవరికి? మీ నాయన మంచిగున్నడా? పొద్దుగాల స్కూటర్ మీద పోంగ చూస్తినే.”

“నాన్నగారికి కాదండీ. పిండం తినే సన్యాసుల గురించి.”

“పిండం కాకులు తింటయి. మనుషులు తింటరా?” అని వంటింటి వైపు తిరిగి కోడలిని పిలిచింది. “ఓ పిల్లా, జర ఇటు రా. పైనింటి పిల్ల మూడేండ్లు మాట్లాడకుంట ఉండి, ఇయ్యాల నోరు తెరిచి పిండమంటున్నది.”

కోడలు గుమ్మం పట్టుకుని నవ్వింది. పైకి పరుగెత్తి డైరీ తెచ్చి, తడబడుతూ చదివి వినిపించాను. ఆ రోజుల్లో పిండమంటే బతికున్న మనిషికి పెట్టే అన్నం ముద్ద కూడా. ఆ మాటను చచ్చిపోయినవాళ్లకే వదిలేసింది తర్వాత వచ్చిన మనమే.

“ముద్ద అంటే అయిపోతుండె గదా,” అంది ఓనరమ్మ. చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుని, “గుడి పక్కపొంటి బండ మీద గీతలైతే ఉన్నయి. ఎవరో ఉలి పదును చూసుకున్నరనుకున్న,” అంది.

ఆమెతో కలిసి గుడికి వెళ్దామనుకున్న శనివారం బంద్ వచ్చింది. అమ్మ ఓనరమ్మతో వద్దంది.

“దారిలో గొడవైతే ఎలాగండీ?”

“గొడవ చేసేటోళ్లల్ల సగం మంది మావోళ్లే. నన్ను చూస్తే వాళ్లే పక్కకు జరుగుతరు. నా ఎంబడి వస్తది, పంపియ్యి.”

అంత ఖాళీగా ఉన్న ఆ రోడ్డును నేనెప్పుడూ చూడలేదు. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి, పెద్ద గుండిగల్లో నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. గరిటె పట్టుకున్న ఒకావిడ, “పెద్దమ్మా, తిని పోండ్రి,” అని ఇద్దరినీ చూసి అంది. నేనెవరని అడగలేదు. “దేవుణ్ణి చూసొస్తం,” అంది ఓనరమ్మ.

గుడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి మూసీ వాసన తగిలింది. కింద నల్లటి నీళ్ల మీద నురగ కదులుతోంది. ఓనరమ్మ ఒక బండ ముందు ఆగింది.

“గిదే.”

మొదట నాకేమీ కనిపించలేదు. ఎండ ఏటవాలుగా పడ్డ చోట ఒక గీత తేలింది, దాని పక్కన ఇంకొకటి, తర్వాత వరస. కూడిక గుర్తులా ఉండి కింద కాస్త వంగిన అక్షరం దగ్గర నా చూపు ఆగిపోయింది. అది క. పుస్తకంలోని పాత అక్షరాల పట్టికలో చూశాను. నేను పలకమీద దిద్దిన క దీని నుంచే వచ్చింది. తాకాలని వంగి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ గుట్ట కింది నుంచే ఆ భిక్షువులు ఖాళీ గిన్నెలతో బయల్దేరి ఉంటారు. ఏ గుమ్మం ఎవరిదో ఎంచకుండా, మాట్లాడకుండా.

వెనక్కి తిరిగి చూస్తే ఓనరమ్మ బండకు ఆనించి విడిచిన తన చెప్పులను దూరంగా తీసుకెళ్లి పెడుతోంది. “ఇన్నేండ్లు గీడనే ఇడిసిన,” అంది మెల్లగా. తర్వాత, “ఏం రాసిన్రు బిడ్డా?”

కొబ్బరికాయల సంచులతో వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆగారు. ముగ్గురి ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. అయినా చెప్పాను. ఇక్కడ విహారం ఉండేదని, భిక్ష మీద బతికేవాళ్లుండేవారని, నాకొచ్చిన ‘అండీ’లతోనే చెప్పాను.

“ఏ ఊరి పిల్ల?” అంది ఒకావిడ.

“మా పైనింటి పిల్ల. చెప్పనియ్యి,” అంది ఓనరమ్మ.

నిజానికి నాకు ఆ లిపి చదవడం రాదు. డైరీలో ఉన్న అర్థాన్నే చెబుతూ, వేలిని అక్షరాలకు తగలనివ్వకుండా వాటి పైన జరుపుతూ పోయాను. ఒక చోట రాయి పెచ్చులూడి రాత ఆగిపోయింది.

“తర్వాత ఏమున్నది?” అంది రెండో ఆవిడ.

“తెలియదండీ.”

ఆమె సంచి కింద పెట్టింది. చెమట పట్టిన చెయ్యి చీరకు తుడుచుకుని, రాత లేని ఆ చోట అరచెయ్యి ఆనించి, అలాగే నిలబడింది.